మా తండా సముద్రంలో పడింది

పోస్టు పొడుగైంది. రెండు భాగాలుగా పెడదామా అనుకున్నాం గానీ, సగంలో ఆపితే రెండోది ఎవరూ చదవరని ఒకేసారి పెడుతున్నాం. కంప్యూటర్ సంగతి అని దాటెయ్యొద్దు, ఇందులో ఒక చిన్న పాప బడి సంగతి కూడా ఉంది.

మేము ఆదోనిలో ఎస్టీ హాస్టల్లో ఉంటాం. రూములో నలుగురం. ముగ్గురు సుగాలీలం, ఒకరు ఎరుకల. నలుగురి ఇండ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాస్తున్న చెయ్యి ఒక్కటే, వయసు ఇరవై. కానీ జరిగింది నలుగురికీ కాబట్టి ‘మేము’ అనే రాస్తాం. ఇంటర్ అయినాక ఒక ఏడాది ఇంట్లోవాళ్ళ వెంట సుగ్గికి పోయి, గుంటూరు సైడు మిరపకాయలు కోసి వచ్చి, ఆ తర్వాతే డిగ్రీలో చేరినాం. అందుకే క్లాసులో అందరికంటే ఒక ఏడు పెద్ద.

డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోతూనే ఎండాకాలంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చెయ్యాల. 180 గంటలు. సొంత ఊర్లోనే సర్వే చేసి, లాగ్‌బుక్ రాసి, రిపోర్టు ఇవ్వాల. చాలామంది పాత బ్యాచ్ రిపోర్టు తెచ్చి ఊరి పేరు మార్చి ఇచ్చేస్తారు. మేమూ అట్లే చేద్దామనుకున్నాం, దాచేదేముంది. కానీ మాలో ఒకరి చెల్లెలు ఆ ఏడే ఐదో తరగతి పాసైంది. తండాలో ఉండేది ఐదు వరకే. గురుకులంలో సీటు రాలేదు. ఆరో తరగతికి పక్క ఊరికి నడిచిపోవాల, మధ్యలో వంక. “అంత దూరం ఆడపిల్లను ఒక్కదాన్నే ఎట్ల పంపిచ్చేది, మా యెంట సుగ్గికి తోలకపోతాం” అని యాడి అనేసింది. (ఆమె గోర్‌బోలిలో అన్నది, మేము తెలుగులో రాస్తున్నాం.)

అప్పుడు మా ప్రాజెక్ట్ గైడ్ సారు ఒక మాట చెప్పినారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది కదా, దానికి 2010లో కేంద్రం మోడల్ రూల్స్ ఇచ్చింది. వాటిలో ఒకటి నుంచి ఐదు తరగతులకు బడి 1 కిలోమీటరు నడక దూరంలోనూ, ఆరు నుంచి ఎనిమిదికి 3 కిలోమీటర్ల లోపలా ఉండాలని ఉంది. “మీ తండా నుంచి బడి ఎంత దూరమో మ్యాపు మీద చూపించండి. స్కేలుతో, వంకతో, దారితో. ఫోన్ స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి ఇస్తే ఎవరూ చూడరు” అన్నారు. ఫోన్ మ్యాపులో మా తండాకు పేరే లేదు. బడికి పోయే కాలిదారి అసలే లేదు. కాబట్టి మేమే గీయాల.

గీసేదానికి క్యూజీఐఎస్ అనే ప్రోగ్రాం ఉంది. డబ్బులు కట్టే పని లేదు. 2002లో గారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టినాడు, ఇప్పుడు ప్రపంచమంతా కలిసి రాస్తున్నారు. పెద్ద పెద్ద సర్వే ఆఫీసుల్లో కూడా వాడతారు. మా దగ్గర ఉండేది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, నలుగురం స్కాలర్‌షిప్ డబ్బులు కలిపి ఎమ్మిగనూరులో కొన్నాం. అంతకుముందు ఎవరో బీటెక్ చదివే పిల్లోడిదంట. కీబోర్డులో రెండు అక్షరాలు అరిగిపోయినాయి గానీ బాగానే నడుస్తుంది.

క్యూజీఐఎస్ ఫైలు ఒక జీబీ పైనే ఉంటుంది. మా ఫోన్ల రోజు డేటా దానికే అయిపోతుంది, మధ్యలో సిగ్నల్ పోతే మళ్ళా మొదటి నుంచి. అందుకని ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సెక్కి, తెలిసిన అన్న నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొని వచ్చినాం. సుమారు ముప్పై కిలోమీటర్లు, మే నెల ఎండ. ఆ నెలలో ఆ దారిన ఎన్నిసార్లు తిరిగినామో లెక్క పెట్టలేదు. నెట్ సెంటర్ పక్క సందులో మగ్గాల చప్పుడు వింటూ డౌన్‌లోడ్ గీత కదిలేదాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఇన్‌స్టాల్ చేసినాం. తెరిస్తే ఒక చిన్న పెట్టె వచ్చింది. ‘ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్’ దొరకలేదు అని. అంతే. ఓకే నొక్కితే పెట్టె పోతుంది, ప్రోగ్రాం కూడా పోతుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఈ డీఎల్ఎల్ అంటే ఏందో చెప్పాల, మాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఇంటర్నెట్‌లో వెతికితే ‘నేటివ్ లైబ్రరీ’ అని వచ్చింది. నేటివ్ అంటే మాకు తెలిసింది నేటివిటీ సర్టిఫికెట్ ఒకటే. లైబ్రరీ అంటే ఆదోనిలో పేపర్లు చదివే గ్రంథాలయం. రెండూ కలిపితే ఏమొస్తుందో అర్థం కాలేదు. నిదానంగా తెలిసింది ఏందంటే, క్యూజీఐఎస్ అనేది ముందర కనపడే మొహం మాత్రమే. సుగ్గికి పోయేటప్పుడు మేస్త్రీ ఉంటాడు కదా, రైతుతో మాట్లాడేది, లెక్క రాసేది ఆయన. చేన్లో వంగి కోసేది కూలీలు. అట్లనే లోపల పని చేసేవి వేరే ఉన్నాయి. మ్యాపు ఫైలు ఏ రకందైనా తెరిచి చదివేది జీడాల్, 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టినాడు. భూమి గుండ్రంగా ఉంటే దాన్ని చదునైన కాగితం మీదికి తెచ్చే లెక్క చేసేది ప్రోజ్, దాన్ని మొదట రాసింది అమెరికా జియోలాజికల్ సర్వేలో జెరాల్డ్ ఎవెండెన్. ఏ గీత ఏ గీతను దాటిందో, ఏ చుక్క ఏ హద్దు లోపల ఉందో చూసేది జియోస్. ఇవన్నీ ఆ మిషన్‌కు నేరుగా అర్థమయ్యే భాషలోకి ముందే మార్చి పెట్టిన ముక్కలు, అందుకే నేటివ్ అంటారు. విండోస్‌లో ఆ ముక్కల పేర్ల చివర డీఎల్ఎల్ అని ఉంటుంది. మేస్త్రీ పిలిచినప్పుడు కూలీ పలకాల. పలకకపోతే మేస్త్రీ ఒక్కడే చేను గట్టున నిలబడి ఏం చేస్తాడు? పని ఆగిపోతుంది.

మా మొదటి తప్పు ఇక్కడ. దొరకలేదు అన్న ఆ ముక్క పేరు వెతికితే, ఉచితంగా ఇస్తామని ఒక సైటు కనపడింది. తెచ్చి ఫోల్డర్‌లో పడేసినాం. ఈసారి వేరే పెట్టె వచ్చింది, సున్నా ఎక్స్ సీ మొదలుపెట్టి వరసగా సున్నాలు, చివర 7బీ. దాని అర్థం వెతకను కూడా లేదు. తీసేసి మళ్ళా ఎక్కించినాం. మళ్ళా అదే. మూడుసార్లు. నాలుగోసారి లాప్‌టాప్ మూసేసి ఎవరి మంచం మీద వాళ్ళు పడుకున్నాం.

ఆ రాత్రి మాట్లాడుకున్నవి రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాం. ఒకడు “మనకెందుకురా ఇవన్నీ, పాత రిపోర్టు ఇచ్చేద్దాం” అన్నాడు. ఇంకొకడు “మన ఇంగ్లీషుకు ఇది రాదు” అన్నాడు. ఎవరమూ కాదనలేదు. మిషన్ పలకలేదంటే తప్పు మనదే అని ముందే ఒప్పేసుకున్నాం. బ్యాంకులో ఫారం తిరిగొస్తే, బస్ పాస్ కౌంటర్లో కాగితం తోసేస్తే ఎట్ల గమ్మున వెనక్కి వస్తామో, లాప్‌టాప్ ముందర కూడా అట్లే.

తెల్లారి మళ్ళా ఎమ్మిగనూరు. నెట్ సెంటర్ అన్న మొత్తం విని తల కొట్టుకున్నాడు. “ఎవురప్పా మీకు చెప్పిండేది? సైటులో దొరికిండే డీఎల్ఎల్ తెచ్చి పెట్టేది అంటే, రోడ్డు మీద దొరికిండే మాత్ర మింగినట్లే” అన్నాడు. ఆ 7బీ పెట్టె ఎక్కువగా ఎప్పుడు వస్తుందో కూడా ఆయనే చెప్పినాడు. మిషన్, ప్రోగ్రాం రెండూ 64 బిట్‌వి అయితే లోపలికి పోయే ముక్క కూడా 64 బిట్‌దే కావాల. మేము పెట్టింది 32 బిట్‌ది. అది కలవదు. అసలు కావాల్సింది మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, ఎక్స్64 అని ఉండేది. చిన్న ఫైలు. మేము పెట్టిన ముక్క తీసేసి అది ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్ళా ఆన్ చేసినాం. క్యూజీఐఎస్ తెరుచుకుంది! అంగట్లోనే అరిచినాం. అన్న డబ్బులు తీసుకోలేదు, టీ తాగిపిచ్చినాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు.

హాస్టల్‌కు వచ్చి, ఫోన్‌తో తీసుకున్న పాయింట్లు ఎక్కించినాం. తండాలో ప్రతి ఇంటి ముందర నిలబడి తీసినవి. రెండు బోర్లు, గుడి, చింతచెట్టు, వంక దాటే చోటు, పక్క ఊరి బడి గేటు. చుక్కలన్నీ వచ్చినాయి, తండా ఆకారం కూడా కనపడింది, యాడి చూసి “ఇది మన గుడి కాదా” అని వేలు పెట్టి చూపిచ్చింది. కానీ ప్రతి లేయర్ పక్కన ఒక ప్రశ్న గుర్తు. తండా నుంచి బడికి దూరం కొలిస్తే 0.0278 అని వచ్చింది. స్కేలు పెట్టబోతే అదీ డిగ్రీల్లోనే. 0.0278 డిగ్రీలు నడిచి బడికి పోతుంది మా చెల్లెలు అని ఏ ఆఫీసులో చెప్పేది?

కింద మూలలో మాటల బుడగ మాదిరి ఒక బొమ్మ ఉంటుంది. అది నొక్కితే లాగ్ మెసేజెస్ అని ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో పెద్ద ఇంగ్లీషు వాక్యం. మేము మొదటి నాలుగు మాటలు చదివి మూసేసేవాళ్ళం. ‘ప్రోజ్’, ‘డేటాబేస్’ అంతవరకే. అదే ముక్క ఫోన్లో వెతికితే వంద రకాల జవాబులు. ఎవరో తీసేసి మళ్ళా ఎక్కించు అంటాడు, ఎవరో వెర్షన్ మార్చు అంటాడు. రెండు రోజులు అట్ల పోయినాయి. జూన్ 12న బళ్ళు తెరుస్తారు, ఆలోగా అర్జీ ఇవ్వాలని మా లెక్క.

ఆ రెండు రోజుల్లో ఒక పని మాత్రం చేసినాం. నోట్‌బుక్ తీసి చేత్తో లెక్క వేసినాం. మన దగ్గర అక్షాంశం ఒక డిగ్రీ అంటే సుమారు 110.6 కిలోమీటర్లు, రేఖాంశం ఒక డిగ్రీ సుమారు 107.3. తండాకూ బడికీ మధ్య ఒకటి 0.017, ఇంకొకటి 0.022 తేడా. గుణిస్తే 1.88, 2.36. పదో తరగతి పైథాగరస్. 3.02 కిలోమీటర్లు వచ్చింది, అదీ కాకి ఎగిరినట్లు పోతే. ఆ కాగితం ఇంకా ఉంది మా దగ్గర. మిషన్ కంటే ముందు మేమే కనుక్కున్నామని దాచిపెట్టుకున్నాం.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తా ఉంది, రూములో వెలుతురు ఆ స్క్రీన్‌దే. చేసే పనేమీ లేక ఆ ఎర్ర అక్షరాల వాక్యాన్ని మొదటిసారి చివరి దాకా చదివినాం. ఒక్కో మాట, డిక్షనరీ పెట్టుకొని. అందులో ఒక దారి ఉంది. సీ డ్రైవ్, ప్రోగ్రాం ఫైల్స్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, లోపల పోస్ట్‌జీఐఎస్, లోపల ప్రోజ్.డీబీ. ఆ ఫైలు పాతది, ఇంతకంటే కొత్తది కావాల, ఇది వేరే ప్రోజ్ ఇన్‌స్టలేషన్ నుంచి వచ్చింది అని స్పష్టంగా రాసుంది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మేము ఎప్పుడూ ఎక్కించలేదు. ఆ బీటెక్ పిల్లోడు ఎక్కించుకున్నది! లాప్‌టాప్ అమ్మేటప్పుడు తన ఫోటోలు తీసేసుకున్నాడు గానీ దాన్ని వదిలేసినాడు. అది ఎక్కేటప్పుడు కంప్యూటర్ గోడ మీద ఒక చీటీ అంటించి పోయింది. ప్రోజ్ ఎవరికి కావాలన్నా ఈ అడ్రసులో ఉంటుంది అని. ఆ చీటీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. దాని పేరు పీఆర్‌ఓజే, అండర్‌స్కోర్, ఎల్ఐబీ. మా క్యూజీఐఎస్‌కు సొంత ప్రోజ్ ఉంది, తనతో తెచ్చుకుంది. అయినా గోడ మీద చీటీ చూసి పాత ఇంటికి పోతా ఉంది. పోయిన ఏడాది రైతు అడ్రసు పట్టుకొని ఈ ఏడాది సుగ్గికి పోయి, వేరే ఊరి బస్టాండులో దిగి సామాన్ల మీద కూర్చున్నట్లు. అట్ల కూర్చున్నవాళ్ళు ఈ గ్రూపులో చానామంది ఉన్నారు, మీకు వేరే చెప్పే పనిలేదు.

ఎవరికైనా ఇట్లే వస్తే ఏం చెయ్యాలో చెప్తాం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘సెట్’ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, పీఆర్‌ఓజే అని కొట్టండి. ఆ పేరుతో మొదలయ్యే చీటీలన్నీ చూపిస్తుంది. ఏమీ లేకపోతే మీ జబ్బు వేరే. ఉండి, అది క్యూజీఐఎస్ ఫోల్డర్ కాకుండా వేరే ఫోల్డర్ చూపిస్తే అదే దొంగ. ‘జీడాల్ అండర్‌స్కోర్ డేటా’ అని ఇంకొకటి ఉంటుంది, దాన్నీ చూడండి, రెండూ జంటగా తిరుగుతాయి. స్టార్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ అని కొడితే ఆ చీటీల పెట్టె తెరుచుకుంటుంది. మేము ముందర పాత అడ్రసు నోట్‌బుక్‌లో రాసుకున్నాం, ఎందుకంటే తీసేసినాక ఏమన్నా అయితే మళ్ళా పెట్టాల కదా. ఆ తర్వాతే తీసేసినాం. మాకు పోస్ట్‌గ్రెస్‌తో పని లేదు కాబట్టి సరిపోయింది. మీకు దానితో కూడా పని ఉంటే తీసెయ్యొద్దు. నోట్‌ప్యాడ్‌లో బ్యాచ్ ఫైలు రాసి, అందులో ఆ చీటీని క్యూజీఐఎస్ లోపలి షేర్, దాని లోపలి ప్రోజ్ ఫోల్డర్‌కు మార్చి, కింద వరసలో క్యూజీఐఎస్‌ను తెరవమని రాస్తే, ఆ ఒక్క ప్రోగ్రాంకు మాత్రమే కొత్త అడ్రసు కనపడుతుంది, మిగతావి పాత దారిలోనే నడుస్తాయి. కొత్త ప్రోజ్‌లో, అంటే 9.1 నుంచి, చీటీ పేరు చివర ఎల్ఐబీ బదులు డీఏటీఏ అని మార్చినారు, పాత పేరు కూడా చదువుతుంది. ఇంకొక సంగతి, ప్రోగ్రాం తెరిచేటప్పుడే చీటీలు చదువుకుంటుంది. తెరిచి ఉండంగా మార్చి, ఏమీ కాలేదే అని ఏడవొద్దు, మూసి మళ్ళా తెరవండి. మేము అరగంట ఏడ్చినాం.

కరెంటు వచ్చేలోపలే అయిపోయింది. ప్రశ్న గుర్తులు పోయినాయి. దూరం కొలిస్తే 3.02 కిలోమీటర్లు. నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకున్నాం. ఎవరూ అరవలేదు ఈసారి, వార్డెన్ పడుకున్నారు.

సముద్రం సంగతి ఆ మరుసటి రోజు. పాయింట్లలో కొన్ని మాలో ఒకడు వేరే యాప్‌తో తీసినాడు. అది అక్షాంశం, రేఖాంశం కాకుండా మీటర్లలో ఇచ్చింది, యూటీఎం అంటారు. భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి ఒక్కో పట్టీకి నంబర్ ఇచ్చినారు. మాకు కర్నూలు నుంచి ఒక సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్ట్ ఫైలు ఉంది, అందులో 32644 అని ఉంటే అదే పెట్టినాం. మన జిల్లానే కదా అని. తెరిస్తే సగం తండా మాయం. వెతికి వెతికి మ్యాపు చిన్నది చేస్తే, తూర్పున, విశాఖపట్నానికి కింద, బంగాళాఖాతం నడిమధ్యలో ఉంది మా చింతచెట్టు. వంక దాటే చోటు కూడా అక్కడే.

ఎందుకంటే 78 డిగ్రీల రేఖాంశం దగ్గర ఒక పట్టీ అయిపోయి ఇంకొకటి మొదలవుతుంది. కర్నూలు ఊరు ఆ గీతకు కొంచెం తూర్పున, 78.04 దగ్గర ఉంది. ఆదోని 77.3 దగ్గర, ఎమ్మిగనూరు 77.5 దగ్గర. అంటే జిల్లా కేంద్రం 44వ పట్టీలో, మన పడమటి మండలాలు 43వ పట్టీలో. ఒక పట్టీలోని అంకెలు తీసుకపోయి పక్క పట్టీలో పెడితే సరిగ్గా ఆరు డిగ్రీలు తూర్పుకు పోతాయి, 77.3 కాస్తా 83.3 అవుతుంది. అది సముద్రం. మనకు పెట్టాల్సింది 32643. పడమటి కర్నూలులో మ్యాపు చేసే ప్రతి పిల్లోడూ ఈ నంబర్ గోడ మీద రాసుకోవాల. కర్నూలు నుంచి వచ్చిన ఏ ఫైలునైనా మన దగ్గర వాడే ముందు ఒకసారి చూసుకోవాల. (జిల్లాలో వేరే విషయాల్లో కూడా కర్నూలు లెక్క మనకు సరిపోదని మా ఎరుకల తమ్ముడు అన్నాడు. అది వేరే పోస్టు.)

చెల్లెలికి ఈ సంగతి చెప్తే, “సుగ్గికి గుంటూరు దాకా పోయినాం గానీ సముద్రం ఎప్పుడూ సూడలేదు, మన చింతచెట్టు సూసొచ్చింది” అని నవ్వింది.

78వ గీత గురించి సారు ఇంకొకటి చెప్పినారు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వే, దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు ఆ రేఖాంశం పట్టుకొనే గుత్తి ప్రాంతం మీదుగా పోయిందంట. ఆయన తర్వాత ఎవరెస్ట్ చేసినాడు, ఆయన పేరుతోనే భూమి ఆకారానికి 1830లో ఒక లెక్క పెట్టినారు. పాత టోపోషీట్లు ఆ లెక్కతో గీసినవే. మన ఫోన్ జీపీఎస్ లెక్క వేరే. ఒకదాని మీద ఒకటి నేరుగా పెడితే వంద మీటర్ల పైన జరుగుతుంది. ఆ జరిగేదాన్ని సరిచేసే లెక్కలు కూడా ఆ ప్రోజ్.డీబీలోనే ఉంటాయి. సేవాలాల్ మహారాజ్ పుట్టిన సేవాగఢ్ కూడా ఆ గుత్తి దగ్గరే. మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఆ దారులన్నీ తిరిగినవాళ్ళు. గొలుసులు పట్టుకొని కొలిచేవాళ్ళ పక్కనుంచే మన బిడారు పోయి ఉంటుందా అని ఆ రోజు చానాసేపు మాట్లాడుకున్నాం. పోయి ఉంటే మనవాళ్ళు వాళ్ళను ఏమని అనుకునుంటారో.

ఇంక దారి. కాకి దూరం 3.02. కానీ రూల్‌లో ఉండేది నడక దూరం. నడక అంటే నడిచి చూడాల. చెల్లెలే ముందర నడిచింది, మేము ఫోన్‌లో ట్రాక్ పెట్టుకొని వెనక. వంక ఎండిపోయి ఉంది, అయినా వానాకాలం దారినే నడుద్దామని చెప్పినాం, ఎందుకంటే బడి ఉండేది వానాకాలమే కదా. నీళ్ళొస్తే కింద నుంచి చుట్టు తిరిగి పోవాల. ఒకచోట ఆగి “ఇంగ సూడండి, ఈడ్నుంచి ఒక్కదాన్నే రావాల నేను” అన్నది. చుట్టూ పత్తి చేన్లు, మనిషి లేడు. ట్రాక్ క్యూజీఐఎస్‌లో ఎక్కిస్తే 4.1 కిలోమీటర్లు. పోను రాను 8.2.

మ్యాపు ఎమ్మిగనూరులోనే కలర్ ప్రింట్ తీసినాం, ఏ3 కాగితం. ఇండ్లు, బోర్లు, వంక నీలం రంగు, కాకి దూరం చుక్కల గీత, నడక దారి ఎర్ర గీత. కింద స్కేలు, కిలోమీటర్లలో. ఒక మూల మా నలుగురి పేర్లు. తండా పేరు పెద్ద అక్షరాలతో. తండా నాయక్, చదువు రాని మనిషి, మ్యాపు తిప్పి తిప్పి చూసి ఉత్తరం ఏ పక్క అని అడిగినాడు, చెప్తే తన ఇల్లు తానే వెతుక్కున్నాడు. బడి తెరిచే ముందు మండల విద్యాశాఖ ఆఫీసులో అర్జీతోపాటు ఇచ్చినాం. పిల్లలకు బండి కావాలని, లేకుంటే తండాలోనే ఆరో తరగతి పెట్టాలని. చెల్లెలు ఒక్కతే కాదు, తండాలో అట్ల ఐదు దాటిన పిల్లోళ్ళు పదకొండు మంది. మా జిరాక్స్ కాపీ మీద ముద్ర వేసి సంతకం పెట్టిచ్చినారు. అక్కడ కూర్చున్న ఒకాయన మ్యాపును కిటికీ దగ్గరికి తీసుకపోయి చాలాసేపు చూసినాడు. “ఇది మీరే చేసినారా?” అని రెండుసార్లు అడిగినాడు.

బండి సంగతి ఇంకా తేలలేదు. చెల్లెలు మాత్రం బడికి పోతా ఉంది. పక్క ఊర్లో కూలికి పోయే ఇద్దరు అక్కల వెంట పొద్దున పోయి, వాళ్ళతోనే సాయంత్రం వస్తుంది. వంకలో నీళ్ళు వస్తే ఎట్ల అనేది యాడి రోజూ అడుగుతుంది. దీపావళి దాటినాక వాళ్ళు సుగ్గికి పోతారు. అప్పటికి ఏమన్నా తేలితే ఈ గ్రూపులోనే పెడతాం, తేలకపోయినా పెడతాం.

మీ తండా, మీ గూడెం, మీ కాలనీ మ్యాపు చేసుకోవాలంటే ఆదివారం మా హాస్టల్‌కు రండి. క్యూజీఐఎస్ ఫైలు, ఆ రీడిస్ట్రిబ్యూటబుల్ ఫైలు, మేము రాసిన బ్యాచ్ ఫైలు మూడూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, డేటా ఖర్చు లేదు. ఎర్ర అక్షరాలు వచ్చినవాళ్ళు ఫోటో తీసేటప్పుడు వాక్యం మొత్తం పడేటట్లు తియ్యండి, సగం తీసి పంపిస్తే మేము మళ్ళా అడగాల. లాప్‌టాప్ తెచ్చేవాళ్ళు మీ చార్జర్ మీరే తెచ్చుకోండి. మా చార్జర్ వైరు తెగింది, టేపు చుట్టి నడుపుతున్నాం.